చెవి ఒగ్గే సభకు అభినందన

మన జ్యోతిష్కుల లెక్కలో మనిషికి పూర్ణాయుర్దాయం 120 ఏళ్లు. 2025 ఫిబ్రవరి 23న రోటరీకి ఆ నూట ఇరవయ్యీ నిండాయి. మనిషైతే ఇక చాలనుకునేవాడే. రోటరీ మాత్రం ఆ మర్నాడు కూడా ఏదో ఒక ఊళ్లో గంట కొట్టి, అధ్యక్షుడి మెడలో కాలర్ సర్ది, అతిథిని వేదిక మీదికి పిలిచే ఉంటుంది. 46 వేలకు పైగా క్లబ్బులు, సుమారు 12 లక్షల మంది సభ్యులు, 200 దాటిన దేశాలు, ప్రాంతాలు. ఇంత పెద్ద సంసారానికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాలంటే ఎవరి పేరున చెప్పాలో ఒక పట్టాన తేలదు.

పొగడడానికి సరుకు తక్కువై కాదు. మన తెలుగు ఊళ్లలోనే ఎన్ని లేవు! రక్తనిధులు, కంటి శిబిరాలు, కృత్రిమ కాళ్ల పంపిణీ, బడికి బెంచీలు, వేసవిలో చలివేంద్రాలు, చివరి మజిలీ గౌరవంగా జరగడానికి కట్టించిన శ్మశానవాటికలు. ఇవన్నీ జనం ఎరిగినవే. వాటికి శిలాఫలకాలు వేశారు, పత్రికల్లో ఫొటోలు పడ్డాయి, చేసినవాళ్లకు శాలువాలు కప్పారు. ఇన్నేళ్లలోనూ ఎవరూ శాలువా కప్పనిది ఒక్కటే మిగిలింది: వారం వారం జరిగే మామూలు మీటింగు. దానికి ప్రారంభోత్సవం ఉండదు, రిబ్బను ఉండదు, మంత్రిగారు రారు. నలభై కుర్చీలు వేస్తే పాతిక నిండుతాయి. ఒకరు మాట్లాడతారు, తక్కినవాళ్లు వింటారు. ఈ పుట్టినరోజున నా అభినందన ఆ మీటింగుకి.

నేను రొటేరియన్ని కాను. పిలిచినప్పుడు వెళ్లి, తెలిసిన నాలుగు ముక్కలు చెప్పి, పెరుగన్నంతో భోజనం ముగించి ఇంటికొచ్చిన అతిథుల్లో ఒకణ్ణి. అందుకే నా పక్షపాతం ముందే చెప్పేస్తున్నాను. రోటరీ ఇన్నేళ్లు నిలవడానికి కారణం దాని చేతి చలవ అంటారు. అంతకంటే ముందు దాని చెవి మంచిదని నా నమ్మకం. చరిత్ర కూడా నా వైపే ఉంది.

పాల్ హారిస్ వకీలుగా చికాగో చేరింది 1896లో. ఇంట్లో ఆర్థికంగా చితికిపోవడంతో పసితనంలోనే వెర్మాంట్ రాష్ట్రంలోని వాలింగ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో తాత, నాయనమ్మల పెంపకంలో పెరిగాడు. అక్కడ ఎదురైనవాడల్లా ఎరిగినవాడే. చికాగోలో అన్ని లక్షలమంది మధ్య ఆదివారం వస్తే పలకరించే దిక్కు లేదు. పని మీద కలిసేవాళ్లు బోలెడుమంది, పని అయ్యాక ఆగేవాళ్లు ఒక్కరూ లేరు. ఈ లోటు తన ఒక్కడిదే కాదనీ, పల్లె నుంచి వచ్చి నగరంలో బోర్డు కట్టుకున్న ప్రతివాడిదీ అనీ ఆయనకు తట్టింది. 1905 ఫిబ్రవరి 23 సాయంత్రం డియర్‌బోర్న్ వీధిలోని యూనిటీ బిల్డింగులో, 711వ నంబరు గదిలో నలుగురు కూర్చున్నారు. గది గనుల ఇంజినీరు గుస్తావస్ లోయర్‌ది. బొగ్గు వ్యాపారి సిల్వెస్టర్ షీలీ, దర్జీ దుకాణం నడిపే హైరమ్ షోరే, హారిస్ తక్కిన ముగ్గురు. కొత్త క్లబ్బుకి మొదటి అధ్యక్షుడు హారిస్ కాదు, షీలీ. ఒక మాటు ఒకరి ఆఫీసులో, తర్వాత ఇంకొకరి ఆఫీసులో వంతుల ప్రకారం కూర్చునేవాళ్లు. ఆ తిరుగుడు వల్లే రోటరీ అన్న పేరు నిలిచింది. ముద్రణాలయం నడిపే హ్యారీ రగుల్స్ చేరాక మీటింగులో పాట కూడా చేరింది.

ఒక వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకోవాలన్నది తొలినాటి నియమం. ఇద్దరు బొగ్గు వ్యాపారులు ఒక బల్ల దగ్గర కూర్చుంటే ధర గురించి అబద్ధాలాడుకుంటారు. బొగ్గు వ్యాపారి, దర్జీ, వకీలు కూర్చుంటే ఒకరి పని గురించి ఒకరు అడగక తప్పదు, అడిగాక వినకా తప్పదు. ఆ నియమం తర్వాత ఎంతో సడలింది గానీ, అందులోని తెలివి మాత్రం ఇప్పటికీ ప్రతి క్లబ్బులో పనిచేస్తూనే ఉంది. ఎరువుల డీలరు పక్కన ఎముకల డాక్టరు, ఆ పక్కన ఆడిటరు, ఆయనకు ఎదురుగా కాలేజీ ప్రిన్సిపాల్. వీళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి గంటసేపు ఒకే మాట వినిపించే ఏర్పాటు మన ఊళ్లలో పెళ్లి పందిరి దాటితే మరొకటి కనిపించదు.

అయితే మొదటి ఏడాది ఆ నలుగురూ, వాళ్ల తర్వాత చేరినవాళ్లూ సేవ కోసం కూడలేదు. స్నేహం కోసం, దానితోపాటు నాలుగు డబ్బుల వ్యాపారం కోసం కూడారు. నీ బొగ్గు నేను కొంటాను, నా దగ్గర నువ్వు బట్టలు కుట్టించుకో అన్న బేరమే. దీన్ని రోటరీ చరిత్రకారులు దాచలేదు, మనమూ దాచనక్కర్లేదు. మలుపు 1906లో వచ్చింది. తెచ్చినవాడు సభ్యుడు కాడు, బయటివాడు. డోనాల్డ్ కార్టర్ అనే పేటెంట్ వకీలును క్లబ్బులో చేరమని ఫ్రెడరిక్ ట్వీడ్ అనే సభ్యుడు పిలిచాడు. కార్టర్ ఆశయాలు చూశాడు. సభ్యుల వ్యాపారం పెంచుకోవడం, స్నేహం పెంచుకోవడం అన్న రెండే ఉన్నాయి. ఇంత శక్తి ఉండీ ఊరికి ఏమీ చేయని క్లబ్బులో తాను చేరనని మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఇక్కడే రోటరీ నిజంగా పుట్టిందని నా అభిప్రాయం. కార్టర్ మాటకు వాళ్లు చిన్నబుచ్చుకుని ఊరుకోవచ్చు. మనల్ని కాదన్నవాడు మనకెందుకులే అని ఇంకొకణ్ణి వెతుక్కోవచ్చు. సంఘాలు సాధారణంగా చేసేది అదే. వాళ్లు మాత్రం ఆ మాట విన్నారు. చికాగో నగరానికి మేలు చేయడం, పౌరుల్లో ఊరి మీద అభిమానం పెంచడం అని మూడో ఆశయం రాసుకున్నారు. కార్టర్ చేరాడు. తర్వాత చేపట్టిన మొదటి పెద్ద పని ఏమిటో తెలుసా? నగరం నడిబొడ్డున బజారుకొచ్చే జనానికి మరుగుదొడ్లు కట్టించడం. దానికీ అడ్డు తగిలినవాళ్లున్నారు. సారా దుకాణాలవాళ్లు, పెద్ద పెద్ద షాపులవాళ్లు అదేం అవసరమన్నారు. అవసరానికి లోపలికొచ్చినవాడు ఏదో ఒకటి కొనకుండా పోడు కదా, ఆ ఆదాయం పోతుందని వాళ్ల బెంగ. సారా దుకాణంలో అడుగుపెట్టలేని ఆడవాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. క్లబ్బు పట్టు వదల్లేదు. నగర పాలక సంస్థను ఒప్పించడానికి రెండేళ్ల పైచిలుకు పట్టింది. ఇవాళ మన మున్సిపాలిటీల్లో ఏ బజారులో చూసినా ఆ సమస్య అలాగే ఉంది గనుక, ఈ 120 ఏళ్ల నాటి కథ పాతబడిందని ఎవరూ అనలేరు.

అక్కణ్ణించి రోటరీ నడక వేగం పుంజుకుంది. 1908లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రెండో క్లబ్బు. 1910 నాటికి 16 క్లబ్బులు కలిసి జాతీయ సంఘం. 1911లో డబ్లిన్, లండన్. మన గడ్డ మీద మొదటిది కలకత్తా క్లబ్బు. 1919లో కూడి, 1920 జనవరి 1న అధికార పత్రం అందుకుంది. 1929లో మద్రాసు క్లబ్బు వచ్చింది. తెలుగు జిల్లాలు చాలావరకు అప్పటికి ఆ రాజధాని చుట్టూనే తిరుగుతుండేవి. మన దేశం నుంచి అంతర్జాతీయ అధ్యక్షులైనవాళ్లు నలుగురు: 1962-63లో కలకత్తా వాసి నితీశ్ లాహిరీ, 1991-92లో రాజేంద్ర సాబూ, 2011-12లో కల్యాణ్ బెనర్జీ, 2021-22లో శేఖర్ మెహతా. లాహిరీ హయాంలోనే హైస్కూలు పిల్లల కోసం ఇంటరాక్ట్ క్లబ్బులు మొదలయ్యాయి. ఈ నలుగురూ తమ తమ ఊళ్లలో వారం వారం వెనక వరసలో కూర్చుని విన్నవాళ్లే. ఆ అలవాటు లేకుండా ఇక్కడ పై మెట్టు ఎక్కినవారు లేరు.

ఇక మన ఊరి మీటింగు సంగతి. ఏడింటికి అని కార్డులో ఉంటుంది. ఏడింటికి వచ్చేది ఇద్దరే: కొత్తగా చేరిన సభ్యుడు, అతిథి. ఏడున్నరకు ముందు వరస నిండుతుంది. అధ్యక్షుడు గంట కొడతాడు. ప్రార్థన, ఆ తర్వాత రోటరీ వారి నాలుగు ప్రశ్నల పరీక్ష (దాని కథ ముందు చెప్తాను) అందరూ కలిసి చదవడం. ఆ వారంలో పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఉన్నవాళ్లకు చప్పట్లు. కోటుకి చక్రం పిన్ను పెట్టుకోవడం మరిచిపోయినవారికి సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ సరదా జరిమానా. కార్యదర్శి ప్రకటనలు: వచ్చే ఆదివారం రక్తదాన శిబిరం, డిస్ట్రిక్ట్ గవర్నర్ గారి రాక, బకాయి పడ్డ చందాలు. పక్క ఊరి క్లబ్బు నుంచి మేకప్ కోసం వచ్చిన సభ్యుడికి ప్రత్యేక స్వాగతం, ఇరు క్లబ్బుల మధ్య జెండాల మార్పిడి. తన ఊళ్లో తప్పిన మీటింగును పరాయి ఊళ్లో పూడ్చుకోవచ్చన్న ఆ ఏర్పాటు వల్ల విజయనగరం సభ్యుడు అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లినా అక్కడి క్లబ్బులో ఒక కుర్చీ ఆయన కోసం ఉంటుంది.

తర్వాత అతిథి పరిచయం. బయోడేటా చదివేవారు డిగ్రీలన్నీ వరసగా చదివేస్తారు. అతిథికి అసలు ఏ పని వచ్చో మాత్రం ఆయనే చెప్పుకోవాలి. ఇరవై నిమిషాలని ముందే చెప్పి ఉంటారు. పద్దెనిమిదో నిమిషానికి కార్యదర్శి చీటీ అందిస్తాడు. మంచి అతిథి చీటీ చూసి ముగిస్తాడు, మరీ మంచి అతిథి చీటీ రాకముందే ముగిస్తాడు. ప్రశ్నలు. వందన సమర్పణ. జ్ఞాపిక. జనగణమన. ఆపైన ఫెలోషిప్ అని పిలుచుకునే భోజనం. అసలు మీటింగు అక్కడే జరుగుతుందని తెలిసినవాళ్లకు తెలుసు. వేదిక మీద అడగలేని ప్రశ్న చేతిలో కంచంతో వస్తుంది. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తీగలు వేలాడుతున్నాయి, ఎవరిని అడగాలండీ? మా పనిమనిషి కూతురికి వినికిడి లేదు, పరీక్ష ఎక్కడ చేస్తారండీ? ఆ ప్రశ్నల్లోంచి పుట్టిన పథకాలే తర్వాత శిలాఫలకాలెక్కాయి.

పల్లెటూరికి సంత రోజు ఎలాంటిదో ఊరి క్లబ్బుకి ఈ సాయంత్రం అలాంటిది. ఊళ్లో పండనిది, ఊళ్లో దొరకనిది ఆ రోజు బయటినుంచి వచ్చి పడుతుంది. కొనేవాళ్లు కొంటారు, బేరమాడి వెళ్లిపోయేవాళ్లు వెళ్లిపోతారు. సంత మాత్రం వచ్చే వారం మళ్లీ ఉంటుంది. ఆ మళ్లీలోనే దాని బలమంతా.

ఒక్క ఉపన్యాసం ఎంత పని చేయగలదో చూడాలంటే 1925వ సంవత్సరం వైపు తిరగాలి. రోటరీకి చెల్లెలి వరస అనదగిన లయన్స్ క్లబ్బులు కూడా చికాగోలోనే మొలకెత్తాయి. అక్కడి బీమా వ్యాపారి మెల్విన్ జోన్స్ 1917లో వాటికి నాంది పలికాడు. ఒహాయో రాష్ట్రంలోని సెడార్ పాయింట్‌లో 1925 జూన్ 30న వాళ్ల మహాసభకు హెలెన్ కెల్లర్ అతిథిగా వెళ్లారు. చూపూ వినికిడీ రెండూ లేని మనిషి, చూపూ వినికిడీ ఉన్న వేలమంది ముందు నిలబడి, అంధత్వం మీద పోరులో మీరు నడుం కట్టండని అడిగారు. లయన్స్ ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు ఇవాళ్టికీ అమలవుతూనే ఉంది. మన ఊళ్లో లయన్స్ కంటి ఆసుపత్రి బోర్డు చూసి లోపలికెళ్లి శుక్లం ఆపరేషన్ చేయించుకున్న ప్రతి అవ్వా ఆ ఒక్క ఉపన్యాసానికి వారసురాలే. ఆ అవ్వకు హెలెన్ కెల్లర్ పేరు తెలియకపోవచ్చు. ఫరవాలేదు, చూపు తెలిసింది.

అదే ఏడాది కలకత్తా రోటరీ క్లబ్బు గాంధీగారిని పిలిచింది. ఆయన ఎంచుకున్న విషయం రాట్నం. క్లబ్బులో అప్పటికి తెల్ల వ్యాపారులు, పెద్ద ఉద్యోగులదే ఎక్కువ సంఖ్య. మిల్లు బట్టల లాభాలు ఎరిగినవాళ్ల ఎదుట నిలబడి, ఇంట్లో నూలు వడకడం పేదవాడికి ఎందుకు అన్నమవుతుందో చెప్పడానికి ఆయనకు జంకు లేకపోయింది. విన్నవాళ్లంతా మర్నాటి నుంచి రాట్నం పట్టి ఉంటారని నేననను. కానీ తమకు నచ్చని మాట చెప్తాడని ముందే తెలిసిన మనిషిని పిలిచి, కూర్చోబెట్టి, మధ్యలో లేవకుండా విన్నారే, అది చిన్న సంగతి కాదు. క్లబ్బు గొప్పతనాన్ని కొలవడానికి నాకు ఇంతకంటే మంచి కొలబద్ద కనిపించదు: మీరు కాదనుకునే మాట చెప్పేవాణ్ణి మీరే పిలిచారా, లేదా?

మీటింగుల్లో చదివే ఆ నాలుగు ప్రశ్నల పుట్టుక కూడా తెలుసుకోదగ్గది. 1932లో అమెరికాలో ఆర్థిక మాంద్యం. అల్యూమినియం వంటపాత్రలు అమ్మే ఒక చికాగో కంపెనీ దివాలా అంచున ఉంది. దాన్ని నిలబెట్టే పని హెర్బర్ట్ టేలర్ మీద పడింది. అప్పుల చిట్టా ముందు పెట్టుకుని ఆయన రాసుకున్నది నాలుగే ప్రశ్నలు. మనం అనుకునేది, అనేది, చేసేది నిజమేనా? సంబంధం ఉన్న అందరికీ న్యాయమేనా? స్నేహం, సద్భావం పెరుగుతాయా? అందరికీ మేలు జరుగుతుందా? తన కంపెనీ ప్రకటనలనే ముందు ఈ పరీక్షకు పెట్టాడు. అతిశయోక్తులు కొట్టేయించాడు. కంపెనీ అప్పులు తీర్చి నిలదొక్కుకుంది. 1943లో రోటరీ ఈ పరీక్షను తనదిగా తీసుకుంది. ప్రపంచంలో ఎన్నో సంఘాలకు ప్రతిజ్ఞలున్నాయి. ప్రతిజ్ఞ బదులు ప్రశ్నలు చదివే సంఘం అరుదు. ప్రతిజ్ఞ చదివినవాడు నేను మంచివాణ్ణని చెప్పుకుంటాడు. ప్రశ్న చదివినవాడు కాసేపైనా తన గురించి తాను అనుమానపడతాడు.

పోలియో గురించి చెప్పకపోతే రోటరీ పుట్టినరోజు పూర్తికాదు. ఫిలిప్పీన్స్‌లో 1979లో 60 లక్షల మంది పిల్లలకు చుక్కల మందు వేయించే పనితో మొదలైంది. 1985లో పోలియోప్లస్ అనే కార్యక్రమం ప్రకటించి, 12 కోట్ల డాలర్లు కూడబెట్టాలనుకుంటే మూడేళ్లలో దాదాపు రెట్టింపు కూడింది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రంతో కలిసి ప్రపంచ పోలియో నిర్మూలన ఉద్యమం మొదలయ్యేనాటికి 125 దేశాల్లో ఏడాదికి 3,50,000 మంది పిల్లలు దాని బారిన పడుతున్నారు. మన దేశంలో 1995 డిసెంబర్ 9న మొదటి పల్స్ పోలియో. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు! బస్టాండులో, రైల్వే స్టేషన్లో, అంగన్‌వాడీ ముందు బల్ల వేసి, ఐస్ పెట్టెలో మందు పెట్టుకుని, రెండు చుక్కలు వేసి, చిటికెన వేలి గోరు మీద సిరా గుర్తు పెట్టిన ఆశా కార్యకర్తల పక్కన, పసుపు చొక్కాలో రొటేరియన్లు కూడా నిలబడ్డారు.

ఇక్కడ కూడా చెవే పని చేసింది. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో చుక్కల మందు తాగితే పిల్లలు పుట్టరన్న పుకారు పాకి తల్లులు తలుపులు వేసుకున్నారు. కోప్పడితే తలుపులు తెరుచుకోవని రోటరీ గ్రహించింది. ముస్లిం మతపెద్దల దగ్గరికి వెళ్లి, వాళ్ల అనుమానాలేమిటో విని, వాళ్లతోనే ఉలేమా కమిటీ వేసింది. మసీదు నుంచి పెద్దాయన చెప్పాక తలుపు తెరుచుకుంది. 2009లో మన దేశంలో 741 కేసులు, ప్రపంచం మొత్తంలో సగానికి దగ్గర. 2010లో 42. 2011లో ఒక్కటి, జనవరి 13న హౌరా జిల్లాలో. ఆ తర్వాత సున్నా. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో రహిత ధ్రువపత్రం అందింది. ఇప్పుడు ఆ పీడ పాతుకుపోయి మిగిలింది పాకిస్థాన్, అఫ్గానిస్థాన్‌లలోనే. దేనికైనా ఏడాది ఉత్సాహం చాలామందికి ఉంటుంది. 1985లో అనుకున్న పనిని నలభై ఏళ్ల తర్వాత కూడా అజెండాలో మొదటి అంశంగా ఉంచాలంటే వారం వారం కలిసే అలవాటు కావాలి. అధ్యక్షులు ఏటా జులై 1న మారిపోతారు, పని మాత్రం కార్యదర్శి చదివే ప్రకటనల్లో చేతులు మారుతూ సాగిపోతుంది.

పుట్టినరోజున పొగడ్తలే ఉండాలన్న నియమం పెద్దవాళ్ల విషయంలో చెల్లదు. 120 ఏళ్ల పెద్దమనిషి నిజం తట్టుకోగలడు. రోటరీ చెవి ఎప్పుడూ తెరిచే లేదు. ఆడవాళ్ల విషయంలో చాలాకాలం మూసుకునే ఉంది. కాలిఫోర్నియాలోని డ్యువార్టే అనే చిన్న ఊరి క్లబ్బు 1977లో ముగ్గురు మహిళలను చేర్చుకుంది. మరుసటి ఏడాది ఆ క్లబ్బు అధికార పత్రాన్ని కేంద్ర సంస్థ రద్దు చేసింది. డ్యువార్టే సభ్యులు మీటింగులు మానలేదు. తమది మాజీ రోటరీ క్లబ్బని పేరు పెట్టుకుని, పిన్ను మీది చక్రానికి అడ్డంగా ఎక్స్ గుర్తు వేయించుకుని, కోర్టుకెక్కారు. 1987 మే 4న అమెరికా సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. 1989లో రోటరీ తన నిబంధనే మార్చుకుంది. 2022లో కెనడాకు చెందిన జెనిఫర్ జోన్స్ అంతర్జాతీయ అధ్యక్షురాలయ్యారు. ఆలస్యమైంది, నిజమే. అయినా ఇందులో కూడా నాకు మెచ్చుకోవాలనిపించేది ఒకటుంది. గుర్తింపు పోయినా, పేరు పోయినా, డ్యువార్టే వాళ్లు తొమ్మిదేళ్లు వదులుకోనిది మీటింగు.

మన ఊళ్లలో ఒకప్పుడు రొటేరియన్ భార్యలను యాన్ అని పిలిచి, భోజనాల దగ్గర, కుటుంబ సమావేశాల్లో మాత్రమే కనిపించనిచ్చేవాళ్లు. ఇప్పుడు అదే గదిలో గంట కొట్టేది ఆవిడే, చీటీ పంపేదీ ఆవిడే. ఈ మార్పు చూసిన పాత సభ్యులు ఒప్పుకుంటున్న సంగతి ఒకటుంది: ఆవిడ గంట కొట్టే క్లబ్బుల్లో మీటింగులు కార్డులో వేసిన సమయానికి మొదలవుతున్నాయి.

2016లో రోటరీ నియమాలు సడలించింది. వారం వారం తప్పనిసరి కాదు, నెలకు రెండుసార్లు కూడినా చాలంది. ట్రాఫిక్, పిల్లల చదువులు, ఊళ్లు తిరిగే ఉద్యోగాలు ఉన్న కాలంలో అది న్యాయమే. దాని వెనకే ఇంకో చిక్కు వచ్చింది. తక్కువసార్లు కలిసినప్పుడు ప్రతి మీటింగూ పెద్దదిగా, ఘనంగా ఉండాలన్న తాపత్రయం పెరుగుతుంది. ఘనత కోసం అధికారిని పిలుస్తారు, నాయకుణ్ణి పిలుస్తారు. ఆయన గంట ఆలస్యంగా వచ్చి, జ్యోతి వెలిగించి, మిమ్మల్ని చూస్తే గర్వంగా ఉందని చెప్పి, ఫొటో దిగి వెళ్లిపోతాడు. గర్వంగా ఉందన్న మాట వినడానికి చెవి అక్కర్లేదు, వీపు చాలు.

అందుకే అభినందనతో పాటు ఒక కోరిక. అతిథుల జాబితా మార్చండి. నాలుగు గంటలకు లేచి మీ వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాల్ని పిలవండి. పొడి చెత్త, తడి చెత్త మీ ఇంట్లో నిజంగా వేరవుతోందో లేదో మీ ఊళ్లో సరిగ్గా తెలిసింది ఆవిడకే. వానలో స్తంభమెక్కే లైన్‌మన్‌ను పిలవండి. రాత్రి డ్యూటీ చేసే 108 డ్రైవర్‌ను పిలిచి, ఏ మలుపు దగ్గర ప్రమాదాలు ఎక్కువో అడగండి. కౌలు రైతును పిలిస్తే బ్యాంకు మేనేజరు గారు అదే గదిలో ఉంటారు కదా, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. బ్రెయిలీ నేర్పే టీచరమ్మను, ఉప్పునీటి బోర్ల గురించి చెప్పగల కుర్రాణ్ణి, పల్లెలో పురుళ్లు చూసే ఏఎన్ఎంను పిలవండి. వాళ్లకు మైకు అలవాటుండదు, మాట తడబడుతుంది. పరిచయం చేసేవాళ్లకు చదవడానికి డిగ్రీలుండవు. అప్పుడు కార్యదర్శి చీటీ పంపకుండా ఆగితే అదే వాళ్లకు వేసే పెద్ద దండ.

ఇంకొకటి. క్లబ్బులో హాజరు పట్టీ ఉంది, చందాల పుస్తకం ఉంది, మినిట్స్ పుస్తకం ఉంది. వాటి పక్కన ఒక చిన్న పుస్తకం పెట్టండి. ఒక గడిలో అతిథి చెప్పిన సంగతి, రెండో గడిలో దాని మీద క్లబ్బు చేసిన పని. ఏడాది గడిచాక అదే అతిథిని మళ్లీ పిలిచి ఆ రెండో గడి చదివి వినిపించండి. రెండో గడి ఖాళీగా ఉంటే ఖాళీగా ఉందనే చదవండి. 1906లో కార్టర్ అడిగింది సరిగ్గా ఆ రెండో గడి గురించే.

రోటరీ పిన్ను మీది చక్రానికి 24 పళ్లు, ఆరు ఆకులు, నడుమ ఇరుసు పట్టడానికి ఒక గాడి ఉంటాయి. మొదట్లో ఆ గాడి లేదు. అది లేకపోతే చక్రం తిరుగుతుందేమో గానీ దేన్నీ తిప్పలేదని ఇంజినీరింగ్ తెలిసినవారు చెప్పాక చేర్చారు. తన గుర్తు తప్పని చెప్పినా విని దిద్దుకున్న సంస్థ ఇది. అలాంటి సంస్థకు సలహా చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

కాబట్టి రొటేరియన్ సోదరులారా, సోదరీమణులారా, నూట ఇరవై ఏళ్ల పండుగ శుభాకాంక్షలు. మీ రక్తనిధుల్లో సీసాలు నిండుగా ఉండాలి, మీ కంటి శిబిరాల్లో క్యూలు చిన్నవి కావాలి, పోలియో అన్న మాట మీ అజెండా నుంచి శాశ్వతంగా తొలగే రోజు త్వరగా రావాలి. మీటింగు రోజున భోజనం వేళ దాటినా ఓపికతో ఎదురుచూసే మీ ఇంటివాళ్లకు ప్రత్యేకంగా నమస్కారాలు. ఈ సేవలో వాళ్ల వాటా ఏ నివేదికలోనూ రాదు. మీ గంట ఇంకా నూట ఇరవై ఏళ్లు మోగాలి. అది మోగిన ప్రతిసారీ మీకు నచ్చని మాట చెప్పగల అతిథి ఒకరైనా మీ వేదిక మీద ఉండాలి. మీరు మధ్యలో లేవకూడదు. విన్నాక, కార్టర్‌ను చేర్చుకున్నట్టే, ఆ మాటను మీ ఆశయాల్లో చేర్చుకోవాలి. శుభం భూయాత్.